కారు హీటరును, వేడి సీట్లను బాగుచేసిన విజయనగరం వర్క్‌షాపు

విజయనగరంలో కారు కొనేవాళ్లు ఏసీ ఎంత చల్లగా ఇస్తుందో చూస్తారు గానీ, అదే నాబ్‌ను ఎర్ర గీత వైపు తిప్పి వేడిగాలి వస్తోందో లేదో చూసినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. నాలుగేళ్ల కిందట వాడిన కారు కొన్నప్పుడు నేనూ చూడలేదు. మా చెల్లెలికి అరకులోని బాలికల గురుకుల పాఠశాలకు బదిలీ అయి, డెబ్బై రెండేళ్ల మా అమ్మను నెలకొకసారి అక్కడికి తీసుకువెళ్లవలసి వచ్చినప్పుడుగానీ ఆ ఎర్ర గీత అవసరమేమిటో నాకు తెలిసిరాలేదు.

అరకు దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి నెలల ఉదయాల్లో అక్కడ ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. తెల్లవారుజామున ఇంటి దగ్గర బయలుదేరి, శృంగవరపుకోట దాటి బొడ్డవర దగ్గర ఘాటు ఎక్కడం మొదలుపెట్టి గాలికొండ చేరేసరికి, లోపలి వైపు మంచు పట్టి ముందు అద్దం మసకబారిపోయేది. అమ్మకు మోకాళ్లు బిగుసుకుపోయి, దిగేటప్పుడు ఇద్దరం పట్టుకుంటే తప్ప నిలబడలేకపోయేది. హీటరు నుంచి వచ్చే గాలి ఘాటు ఎక్కుతున్నంతసేపు గోరువెచ్చగా ఉండి, దిగుడు రాగానే చల్లబడిపోయేది. దాంతో 12 వోల్టుల సీటు హీటర్ల సెట్టు ఒకటి ఆన్‌లైన్లో తెప్పించి, పట్టణంలోనే ఒక సీటుకవర్ల దుకాణంలో ముందు సీట్లు రెండింటికీ వేయించాను. కవరు కింద అతికించే పలుచని కార్బన్ ఫైబర్ మెత్తలు అవి. కూర్చునే చోట ఒకటి, వీపు వైపు ఒకటి, డాష్‌బోర్డు మీద ఎక్కువ, తక్కువ అనే రెండు మెట్ల స్విచ్చి ఉంటాయి. వేసిన నెలలోపే అమ్మ కూర్చునే ఎడమ సీటు పేరుకు మాత్రమే వెచ్చబడడం మొదలైంది. నా సీటేమో పది పదిహేను నిమిషాలు బాగా కాగి, తర్వాత చల్లబడి, మళ్లీ కాగేది.

ఈ బాధలు తీరడానికి ముందు రెండు చోట్ల డబ్బు పోసి వచ్చాను. ఒకచోట గాలి సరిగా రావడం లేదంటూ బ్లోయర్ మోటారు మార్చారు. మోటారు మారాక చల్లగాలి ఇంకా జోరుగా వచ్చింది. రెండోచోట సీట్ల ఫ్యూజు తరచూ కొట్టేస్తోందని నేను చెప్పగానే, తీగెలేవీ చూడకుండా, ఇక కొట్టేయదంటూ ఇంకో ఫ్యూజు వేసి పంపారు. ఆ రోజుకు నాకది మంచి పనిగానే తోచింది.

మూడోసారి వెళ్లింది రింగురోడ్డు వైపు టైర్ల దుకాణం పక్క సందులో ఉన్న రెండు షట్టర్ల వర్క్‌షాపుకు. ఒక్కరే చేసుకునే పని కాబట్టి జనం ఒక్కసారిగా వచ్చి పడితే తట్టుకోలేనని యజమాని చెప్పడం వల్ల ఆయన పేరూ దుకాణం పేరూ ఇక్కడ రాయడం లేదు. ఆయన భోగాపురం వైపు సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టి, చిన్నతనంలో పడవల మోటార్ల దగ్గర పని నేర్చుకుని, తర్వాత కొన్నేళ్లు నార్వేలో విహార పడవల మరమ్మతు యార్డులో ఎలక్ట్రికల్ పని చేసి తిరిగి వచ్చినవారు. వేడి సీట్లు, హీటర్లు మన దగ్గర అరుదు గానీ అక్కడి పడవల్లో అవి చుక్కానంత మామూలు వస్తువులని, గాలికీ నీటి తుంపరలకూ ఎదురుగా గంటల తరబడి కూర్చుని నడిపేవాడికి కింద సీటు వెచ్చగా లేకపోతే చేతులు ఆడవని ఆయన చెప్పారు. నాకు ఆ అనుభవం కంటే ఆయన పనిచేసే వరస ఎక్కువ నచ్చింది. కారు ఆపగానే బానెట్ ఎత్తలేదు. ఎప్పుడు చల్లగా వస్తోంది, ఎక్కుడులోనా దిగుడులోనా, ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎక్కడ నిలుస్తోంది, ఇంతకుముందు ఎవరెవరు ఏం మార్చారు అని ఒక పావుగంట అడిగి, నా జవాబులన్నీ ఒక పాత డైరీలో రాసుకున్నారు.

ముల్లు ఎప్పుడూ పావు వంతు దాటదని, ఇంజిన్ చల్లగా ఉండడం మంచిదే కదా అని నేను అనగానే ఆయన పెన్ను పక్కన పెట్టేశారు. ఇంజిన్ అరగంట నడిచాక కూడా ముల్లు మధ్యకు రాకపోతే హీటరుకు ఇవ్వడానికి ఇంజిన్ దగ్గర వేడే లేదన్నమాట. కారు హీటరుకు సొంతంగా వేడి పుట్టించే శక్తి లేదు. ఇంజిన్‌ను చల్లబరుస్తూ దాని చుట్టూ తిరిగి కాగిన కూలెంట్ అనే ద్రవం ఒక సన్న గొట్టం గుండా డాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటరులోకి వెళ్తుంది, బ్లోయర్ ఆ రేడియేటరు మీదుగా గాలి ఊదుతుంది, వేడి విడిచిన కూలెంట్ రెండో గొట్టం గుండా తిరిగి వస్తుంది. ఇంజిన్ త్వరగా కాగి ఆ వేడి దగ్గర నిలకడగా ఉండేలా చూసేది థర్మోస్టాట్ వాల్వు. కూలెంట్ చల్లగా ఉన్నంతసేపు అది మూసుకుని ఉండి పెద్ద రేడియేటరుకు దారి ఇవ్వదు. ఎనభై డిగ్రీలు దాటాకే తెరుచుకుంటుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఆయన మళ్లీ నడిపించి, రెండు నిమిషాలైనా కాకముందే పెద్ద రేడియేటరు పై గొట్టం మీద చెయ్యి వేసి, నన్నూ వేయమన్నారు. అప్పటికే వెచ్చబడుతోంది. వాల్వు ఉంటే అంత తొందరగా వెచ్చబడకూడదు. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, వాల్వు ఉండే గూడు విప్పి చూపించారు.

"ఇందల థర్మోస్టాటే నేదు మాస్టారూ. ఎవరో పీకేసి ఉత్త మూత బిగించేసినారు."

మన ప్రాంతంలో ఇది చాలా బండ్లకు జరిగే పని. వేసవిలో ఇంజిన్ వేడెక్కుతోందని వెళ్తే, అసలు కారణం వెతకకుండా వాల్వు తీసేస్తారు. బండి చల్లగా నడుస్తుంది కాబట్టి యజమాని సంతోషిస్తాడు. ఇంజిన్ ఎప్పుడూ సరైన వేడికి రాకపోవడం వల్ల ఇంధనం ఎక్కువ తాగుతుందని, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరైపోక అరుగుదల పెరుగుతుందని ఎవరూ చెప్పరు. కొండ ఎక్కేటప్పుడు ఇంజిన్ కష్టపడుతుంది కాబట్టి కొంత వేడి పుట్టేది. దిగుడులో ఆ కాస్తా పెద్ద రేడియేటరులోకి పోయేది. నెలల తరబడి నాకు అర్థం కాని సంగతి అలా తేలిపోయింది.

కొత్త వాల్వు తెప్పించాక దాన్ని నేరుగా బిగించలేదు. దాని అంచు మీద 82 అని చెక్కి ఉంది. స్టవ్ మీద గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టి వాల్వును అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కనే థర్మామీటరు పెట్టారు. డెబ్బై, డెబ్బై ఐదు వరకు ఇత్తడి పళ్లెం కదలలేదు. 83 దగ్గర సన్నటి సందు కనిపించింది. తొంభై దాటేసరికి వేలి గోరు పట్టేటంత తెరుచుకుంది. కొత్త సామాను మీద కూడా నమ్మకం పెట్టుకోకుండా ఇలా చూసుకునే మెకానిక్కును నేను ఇంతకుముందు ఎక్కడా చూడలేదు. ఈ ఒక్క పరీక్ష కోసమైనా ఈ దుకాణానికి వెళ్లవచ్చునని నా అభిప్రాయం.

వాల్వు బిగించి ఇంజిన్ నడిపితే ముల్లు మధ్యకు వచ్చి నిలిచింది. గాలి మాత్రం ఇంకా అంతంతమాత్రంగానే ఉంది. అప్పుడు హీటరుకు వెళ్లే రెండు సన్న గొట్టాలనూ పట్టుకుని చూశారు. ఒకటి చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది, రెండోది గోరువెచ్చగా ఉంది. రెండూ ఇంచుమించు ఒకేలా కాలితే కూలెంట్ బాగా తిరుగుతున్నట్టు. అప్పుడూ గాలి చల్లగానే ఉంటే తప్పు డాష్‌బోర్డు లోపల గాలిని మళ్లించే తలుపుది. ఒకటి కాలి ఒకటి చల్లగా ఉంటే చిన్న రేడియేటరు పూడుకుపోయినట్టు. మాది రెండో రకం. ఆ గొట్టాలు విప్పి, తిరిగి వచ్చే వైపు నుంచి తక్కువ ఒత్తిడితో మంచినీళ్లు పంపితే, ఇటుకపొడి కలిపినట్టున్న నీళ్లు రెండు బకెట్లు వచ్చాయి. ఏళ్ల తరబడి కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసిన ఫలితమది. బోరు నీటిలోని ఉప్పులు గారగా పేరుకుంటాయి, ఇనుము తుప్పు పడుతుంది, ఆ రెండూ చేరి మొదట పూడ్చేది సందులు అన్నిటికంటే సన్నగా ఉండే హీటరు రేడియేటరునే. నీళ్లు తేటపడ్డాక, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి నింపారు. కారు ముందు భాగం ఎత్తుగా ఉండేలా ర్యాంపు మీదికి ఎక్కించి, నాబ్ పూర్తిగా ఎర్ర గీత వైపు తిప్పి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్టు చేసి, బుడగలు ఆగేదాకా నడిపించారు. లోపల గాలి చిక్కుకుంటే హీటరు ఎంత బాగున్నా చల్లగాలే ఇస్తుందట. పడవల్లో హీటరును ఇంజిన్ కంటే పైన, నడిపేవాడి కాళ్ల దగ్గర పెట్టవలసి రావడం వల్ల ఈ గాలి చిక్కు మరీ ఎక్కువని, అక్కడ హీటరు పనిచేయడం లేదని వచ్చిన పడవకు ఆయన మొదట చూసేది ఇదేనని చెప్పారు. సముద్రపు నీటితో నేరుగా చల్లబడే ఇంజిన్లున్న పడవల్లో ఆ నీరు తగినంత కాగదు కాబట్టి హీటరుకు ఎప్పుడూ అరకొర వేడే అందుతుందని, థర్మోస్టాట్ పీకేసిన నా కారు ఇన్నాళ్లూ అలాంటి పడవలాగే నడిచిందని కూడా అన్నారు.

సీట్ల సంగతి మరుసటి రోజు చూశారు. అమ్మను కూడా తీసుకురమ్మని చెప్పారు. మనిషి కూర్చుంటే మెత్త నొక్కుకుపోతుంది, సీటు ముందుకూ వెనక్కూ జరిగితే తీగె సాగుతుంది, ఖాళీ సీటు మీద బాగా కనిపించిన లెక్క మనిషి కూర్చోగానే తప్పవచ్చు. అమ్మ సీట్లో కూర్చుని, ఆయన కింద చాపేసుకుని పడుకుని పని చేయడం చూసి ఆమె మొహమాటపడుతుంటే, "మీరు కదలకుండా కూకోండి మామ్మగారూ, మీటరు సెప్పిన మాట ఇనాల గానీ మనం ఊహించుకోకూడదు" అన్నారు.

అంతకంటే ముందు ఫ్యూజు తీసి నా అరచేతిలో పెట్టారు. పచ్చది. పచ్చ ఫ్యూజు 30 ఆంపియర్లది. రెండు సీట్లూ కలిసి తీసుకునేది దాదాపు ఎనిమిది ఆంపియర్లు, సెట్టుతో వచ్చిన తీగెలు సన్నవి, అక్కడ ఉండవలసింది 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు. తీగె ఎక్కడైనా ఒరుసుకుని షార్టయితే ఎర్రది వెంటనే కాలిపోయి బండిని కాపాడుతుంది. పచ్చది నిలబడుతుంది, దాని బదులు తీగె కాలుతుంది. కార్పెట్ కింద ఒకచోట తీగె తొడుగు అప్పటికే మెత్తబడి సీటు పట్టాకు అంటుకుని ఉంది. ఫ్యూజులు అన్నిసార్లు కొట్టేయడానికి కారణం అదే. అమ్మను ఆ సీట్లో కూర్చోబెట్టుకుని రెండుసార్లు ఘాటు ఎక్కానని తలచుకుంటే ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఒళ్లు జలదరిస్తోంది. దయచేసి మీ బండి ఫ్యూజులు ఒకసారి మూత తీసి చూసుకోండి. ఎర్రది పది, నీలం పదిహేను, పసుపు ఇరవై, పచ్చ ముప్పై.

నలిగిన తీగె మార్చి, సరైన ఫ్యూజు వేశాక ఎడమ సీటు లెక్క తీశారు. కనెక్టరు విడదీసి మెత్తల నిరోధం కొలిస్తే రెండు సీట్లకూ దాదాపు సమానంగా, మూడు ఓముల దగ్గర వచ్చింది. అంటే మెత్తలు బాగానే ఉన్నాయి. అక్కడే ఇంకెవరైనా అయితే మెత్త మార్చేవారు. కనెక్టరు విడిగా ఉన్నప్పుడు తీగె దగ్గర 12.6 వోల్టులున్నాయి. కలిపి స్విచ్చి వేయగానే మెత్త దగ్గర 8 వోల్టులే మిగిలాయి. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, వోల్టేజీ మూడింట రెండు వంతులకు తగ్గితే వేడి సగానికి కూడా రాదు. పోయిన నాలుగున్నర వోల్టులు ఎక్కడ పోయాయో తెలుసుకోవడానికి, సీటు కాగుతుండగానే మీటరు ఎర్ర పిన్నును మెత్త నుంచి వచ్చే నల్ల తీగె మీద, నల్ల పిన్నును బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టారు. బాగున్న తీగెకు అక్కడ అర వోల్టు లోపే చూపించాలి. నాలుగున్నరకు కాస్త తక్కువ చూపించింది.

ఆ నల్ల తీగె చివర సీటు బోల్టు కింద ఉంది. రంగు గీకకుండానే దాని మీద థింబుల్, అంటే తీగె కొసకు తొడిగే లోహపు ముక్క, పెట్టి బిగించారు. తీగెను థింబుల్‌లో నొక్కకుండా చేత్తో మెలితిప్పి టేపు చుట్టారు. వానాకాలంలో చెప్పుల తడి అంతా చేరేది అక్కడికే. టేపు విప్పితే రాగి పోగుల మీద పచ్చగా చిలుము పట్టి, తాకగానే పొడిలా రాలింది. నార్వేలో ఉప్పు నీటి తుంపరలు సీటు కింద కనెక్టర్లలోకి దిగి సరిగ్గా ఇలాగే చేస్తాయని, అందుకే పడవల్లో తగరం పూత ఉన్న రాగి తీగెలు వాడతారని, మెలితిప్పి టేపు చుట్టడాన్ని యార్డులో ఒప్పుకోరని ఆయన అన్నారు. ఇక్కడ కూడా అదే పద్ధతిలో రంగు గీకి, మెరిసేదాకా రుద్ది, కొత్త థింబుల్‌ను పనిముట్టుతో నొక్కి, లోపల జిగురుండి వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ స్లీవు తొడిగి వేడి చేస్తే, రెండు చివర్లా జిగురు పొంగి ముద్రలా మూసుకుపోయింది. మళ్లీ కొలిస్తే మెత్త దగ్గర 12.3 వోల్టులు. ఐదు నిమిషాల్లో అమ్మ, "ఎండలో వేసిన పరుపు మీద కూర్చున్నట్టుందిరా" అంది.

నా సీటు కాగి చల్లబడడం అసలు లోపమే కాదట. మెత్త లోపలి చిన్న థర్మోస్టాట్ ఒక హద్దుకు రాగానే కరెంటు ఆపి, చల్లబడ్డాక మళ్లీ ఇస్తుంది. దానికి ఏమీ చేయలేదు, డబ్బూ తీసుకోలేదు.

సెట్టు గురించి కూడా చెప్పాలి. మెత్తలు మంచివే, కవరు కింద ఉన్నాయని తెలియనంత పలుచగా ఉన్నాయి, స్విచ్చి వేసిన మూడు నాలుగు నిమిషాల్లో వెచ్చదనం తెలుస్తుంది. దానితో ఇచ్చిన తీగెలూ కనెక్టర్లూ మాత్రం నాసిరకం, ఎర్త్ ఎక్కడ ఎలా ఇవ్వాలో కాగితంలో ఒక్క ముక్క లేదు. కొనేవాళ్లు బిగించే కూలీ కాకుండా మంచి తీగెకూ థింబుళ్లకూ వేరే ఖర్చు వేసుకోవడం మేలు. ఆ సీటు మీద మోకాలు ఆన్చి వెనక సీటులోని సామాను అందుకోకూడదు. ఒకేచోట బరువు పడి లోపలి పోగులు తెగుతాయి, తెగిన చోట పక్క పోగుల మీద భారం పడి మాడుతుంది.

దుకాణంలో నాకు నచ్చనివీ ఉన్నాయి. పని నెమ్మది, రెండు రోజుల్లో అవుతుందన్నది నాలుగు రోజులు పట్టింది. కూర్చోవడానికి ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తప్ప ఏమీ లేదు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు అది ఇబ్బంది. ముద్రించిన బిల్లు ఇవ్వరు, డైరీ కాగితం చింపి రాసిస్తారు. సీటు కవరు తిరిగి కుట్టే పని ఆయన చేయరు, దానికి వేరేచోటికి వెళ్లవలసిందే. ఫోను చేస్తే ఎత్తడం అరుదు. దసరా తర్వాత పైడితల్లి అమ్మవారి జాతరకు తొలేళ్ల సోమవారం, సిరిమాను మంగళవారం షట్టరు తెరవరు. ఆ రెండు రోజులూ ఊళ్లో బండి కదలదు కూడా. మొత్తం ఖర్చు వాల్వు, కూలెంటు, తీగెలు, కూలీ కలిపి 4,600 రూపాయలైంది. బ్లోయర్ మోటారుకు నేను ముందే పోసినదానికంటే ఇది తక్కువ. తీసిన పాత తీగె, చిలుము పట్టిన థింబుల్, ఆ పచ్చ ఫ్యూజు ఒక కవరులో పెట్టి నాకే ఇచ్చారు.

బండి అప్పగించేముందు ఆయన అమ్మను ఒక మాట అడిగారు, షుగరుందా అని. పన్నెండేళ్లుగా ఉంది, పాదాల్లో కొంత తిమ్మిరీ ఉంది. స్పర్శ మందగించిన ఒంటికి సీటు ఎక్కువ కాగినా తెలియదని, తెలియకుండానే చర్మం కాలిన సందర్భాలున్నాయని చెప్పి, ఎడమ స్విచ్చికి 'ఎక్కువ' మెట్టుకు వెళ్లే తీగె తీసి కొస మూసేశారు. అమ్మకు అది మొదట నచ్చలేదు, డబ్బిచ్చి కొన్నదాన్ని సగం చేశాడంది. ఆయన నొచ్చుకోకుండా, ఇరవై నిమిషాలకొకసారి ఆపమని నచ్చజెప్పారు.

ఆ తర్వాత అరకు రెండుసార్లు వెళ్లి వచ్చాం. గాలికొండ దగ్గర హీటరు గాలిని అద్దం మీదికి మళ్లించి, దానితోపాటు ఏసీ కూడా వేస్తే, ఏసీ తేమను తీసేయడం వల్ల మసక ఒకటి రెండు నిమిషాల్లో విడిపోతోంది. దిగుడులో గాలి చల్లబడడం లేదు. రెండోసారి అమ్మ అరకులో తలుపు పట్టుకుని తానే దిగింది. కూలెంట్ గీత దగ్గరే ఉందో లేదో చూడడానికి వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఒకసారి తీసుకురమ్మని ఆయన డైరీలో రాసుకున్నారు. ఇప్పటికి తొమ్మిది వందల చిల్లర అయింది.